రాకెట్ చోదకం: చరిత్రను మూల రచనల్లో చదవడం

రాకెట్ చరిత్రను మీరు ఇదివరకు ఎక్కడ చదివినా దాదాపు ఒకే వరుస కనిపించి ఉంటుంది. చైనావారి మందుగుండు, మైసూరు ఇనుప గొట్టాల రాకెట్లు, ఇంగ్లండులో కాంగ్రీవ్, తర్వాత సియోల్‌కోవ్‌స్కీ, గొడార్డ్, ఓబెర్త్, ఆపైన జర్మనీ వి-2, స్పుత్నిక్, చంద్రయానాలు. పేర్లు, సంవత్సరాలు, ఎవరు ముందు ఎవరు వెనక అన్న తగవు. ఒక మార్కు ప్రశ్నలకు ఇది చాలు. కాని ఈ వరుసంతా అప్పజెప్పగలిగిన విద్యార్థిని "దీపావళి తారాజువ్వకూ, గొడార్డ్ పరీక్షించిన రాకెట్‌కూ తేడా ఏమిటి?" అని అడిగితే సమాధానం రావడం కష్టం. రెండూ మందు కాల్చి వాయువును వెనక్కు తోసేవే కదా అంటారు. అది నిజమే. కాని ఆ "వెనక్కు తోయడం" ఎంత వేగంతో అన్న ప్రశ్నలోనే ఈ శాస్త్రం చరిత్ర అంతా ఇమిడి ఉంది. ఆ ప్రశ్నకు జవాబు చరిత్ర పుస్తకాల్లో తక్కువగా, సాంకేతిక నివేదికల్లో ఎక్కువగా దొరుకుతుంది.

అందుకే ఈ పాఠంలో రాకెట్ చరిత్రను మళ్ళీ చెప్పబోవడం లేదు. ఆ చరిత్రకు ఆధారమైన కొన్ని రచనలను విమర్శ దృష్టితో ఎలా చదవాలో చూద్దాం. సాహిత్య విమర్శలో కవి ఏం చెప్పాడో, ఏం చెప్పకుండా వదిలాడో రెండూ చూస్తాం. సాంకేతిక రచనకు ఆ అవసరం లేదని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో అవసరం అక్కడే ఎక్కువ. ఒక నివేదిక ఎవరి డబ్బుతో, ఎవరి కోసం, ఏ ఆంక్షల కింద తయారైందో తెలియకపోతే, అందులోని అంకెలు అర్థమైనా ఆ రచన అర్థమైనట్లు కాదు.

గొడార్డ్ నివేదిక

మొదట రాబర్ట్ గొడార్డ్ రచన 'ఏ మెథడ్ ఆఫ్ రీచింగ్ ఎక్స్‌ట్రీమ్ ఆల్టిట్యూడ్స్' తీసుకుందాం. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ దీన్ని ప్రచురించింది. ముఖపత్రం మీద 1919 అని ఉంటుంది, ప్రజలకు అందింది 1920 జనవరిలో. గొడార్డ్ అప్పుడు మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాడు. (ఈ పాఠంలో తర్వాత క్లార్క్ అనే రచయిత వస్తాడు. అతనికీ ఈ విశ్వవిద్యాలయానికీ సంబంధం లేదు. రెండూ కలిపేయకండి.)

ఈ నివేదికను అందరూ ప్రస్తావిస్తారు కాని చదివేవారు తక్కువ. చంద్రుడి మీదకు రాకెట్ పంపి, అక్కడ వెలుగునిచ్చే పొడిని మండించి, దాన్ని భూమి నుంచి టెలిస్కోపుతో చూడవచ్చన్న ఆలోచనే దీని సారాంశమని చాలామంది రాస్తారు. ఆ మాట నివేదికలో చివర వచ్చే ఒక చిన్న భాగం మాత్రమే. అసలు నివేదిక ప్రయోగాల గురించి. అప్పట్లో ఓడల మీద వాడే మామూలు రాకెట్లను గొడార్డ్ కొలిచి చూశాడు. మందులోని శక్తిలో సుమారు 2 శాతం మాత్రమే చలనశక్తిగా మారుతోంది. వాయువు బయటికి వచ్చే వేగం సెకనుకు దాదాపు 300 మీటర్లు. తర్వాత ఆయన గట్టి ఉక్కు గదిలో పొగలేని మందు పేల్చి, దానికి డి లావల్ నాజిల్ అమర్చాడు. స్వీడన్ ఇంజనీరు డి లావల్ ఆవిరి టర్బైన్ల కోసం రూపొందించిన గొట్టం అది. మొదట ఇరుకై, మెడ దాటాక మళ్ళీ వెడల్పవుతుంది. ఇరుకు మెడ దగ్గర వాయువు ధ్వని వేగాన్ని అందుకుని, వెడల్పయ్యే భాగంలో వ్యాకోచిస్తూ చల్లబడుతూ ఇంకా వేగం పుంజుకుంటుంది. వేడిని ఒకే దిక్కు పరుగుగా మార్చడమే నాజిల్ పని. ఇలా గొడార్డ్ సాధించిన వేగం సెకనుకు దాదాపు 2,400 మీటర్లు, సామర్థ్యం సుమారు 64 శాతం.

ఇక్కడ ఆగి కాగితం తీసుకోండి. వేగం 300 నుంచి 2,400కు పెరిగింది, అంటే ఎనిమిది రెట్లు. చలనశక్తి వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక ఒక గ్రాము వాయువు మోసే శక్తి 64 రెట్లు కావాలి. కాని సామర్థ్యం 2 నుంచి 64 శాతానికి, అంటే 32 రెట్లే పెరిగింది. మిగిలిన రెండు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? మందు నుంచి. ఆయన వాడిన పొగలేని మందులో గ్రాముకు ఉన్న వేడి, పాత నల్లమందులో ఉన్నదానికి రెట్టింపు కంటె ఎక్కువ. అంటే ఈ ఘనతంతా నాజిల్‌దే అని రాస్తే అది సగం తప్పు. నివేదికలో ఈ రెండు అంకెలూ ఉన్నాయి. దాన్ని సంక్షిప్తంగా చెప్పే పుస్తకాల్లో తరచూ ఒకటే మిగులుతుంది. మూలం చదవడం వల్ల కలిగే లాభం ఇలాంటిది.

ఈ వేగాలకు అంత ప్రాధాన్యం ఎందుకో చూడాలంటే సియోల్‌కోవ్‌స్కీ సమీకరణం కావాలి. రష్యాలోని కలూగా పట్టణంలో బడిపంతులుగా పనిచేస్తూ ఆయన దాన్ని 1903లో ఒక పత్రికలో ప్రచురించాడు. రాకెట్ పొందే వేగం, వాయు వేగాన్ని ద్రవ్యరాశుల నిష్పత్తి సహజ సంవర్గమానంతో గుణిస్తే వస్తుంది. భూకక్ష్య చేరడానికి గాలి నిరోధం, గురుత్వం వల్ల పోయేదంతా కలుపుకొని సెకనుకు 9,400 మీటర్లు కావాలనుకోండి. వాయు వేగం 2,400 అయితే బయల్దేరే బరువు చివరికి మిగిలే బరువుకు 50 రెట్లుండాలి. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో వచ్చే 4,400 అయితే ఎనిమిదిన్నర రెట్లు చాలు. పాత ఓడ రాకెట్ వేగం 300 అయితే? ఒక కిలో పైకి చేరడానికి దాదాపు 40 లక్షల కోట్ల కిలోలతో బయల్దేరాలి. మందు ఎంత పోగేసినా తారాజువ్వ కక్ష్యకు ఎందుకు చేరదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. 1903 వ్యాసంలోనే సియోల్‌కోవ్‌స్కీ హైడ్రోజన్, ఆక్సిజన్‌లను సూచించాడని గుర్తుంచుకోండి. కాని ఆయన దగ్గర ప్రయోగశాల లేదు. గొడార్డ్ దగ్గర సిద్ధాంతం క్లుప్తం, కొలతలు పుష్కలం. ఇద్దరిలో ఎవరు "పితామహుడు" అని అడిగే ప్రశ్న కంటె, ఒకరి రచనలో లేనిది రెండోవారి రచనలో ఏముందన్న ప్రశ్న మీకు ఎక్కువ నేర్పుతుంది.

గొడార్డ్ నివేదికకు వచ్చిన మొదటి పేరున్న విమర్శ దాన్ని చదవకుండా చేసిన విమర్శ. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం, శూన్యంలో రాకెట్ పనిచేయదనీ, తోయడానికి ఏదో ఒకటి ఉండాలన్న చిన్న విషయం ఈ ప్రొఫెసర్‌కు తెలియదనీ ఎగతాళి చేసింది. గాలి తీసేసిన గొట్టంలో ఉక్కు గదిని పేల్చి చూసిన ప్రయోగాలు అదే నివేదికలో ఉన్నాయి. శూన్యంలో వేగం తగ్గలేదు, కొంత పెరిగింది కూడా. 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, ఆ పత్రిక సవరణ వేసుకుంది. అప్పటికి గొడార్డ్ చనిపోయి 24 ఏళ్ళయింది.

అయినా ఈ నివేదికను తప్పులేని గ్రంథంగా చూడనక్కర్లేదు. తుపాకీ తూటాల్లా మందు పొట్లాలను ఒకదాని వెనక ఒకటి దహన గదిలోకి అందించాలన్నది అందులోని ప్రణాళిక. ఆ యంత్రం ఆయనకు నమ్మకంగా పనిచేయలేదు. 1921 నుంచి ద్రవ ఇంధనాల వైపు మళ్ళాడు. 1926 మార్చి 16న ఆబర్న్ గ్రామంలో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో మొదటి ద్రవ ఇంధన రాకెట్ ఎగిరింది. రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు. ఈ సంగతి ఆయన లోకానికి వివరంగా చెప్పింది పదేళ్ళ తర్వాత, 1936లో వచ్చిన ఒక చిన్న నివేదికలో. అందులోనూ మరొకరు చూసి ఇంజన్ తయారు చేసుకునేంత వివరం లేదు. పత్రికల ఎగతాళి ఆయన్ను ముడుచుకుపోయేలా చేసిందని అంటారు. అది కొంత నిజం కావచ్చు. కాని 1914లోనే ఆయన రెండు పేటెంట్లు తీసుకున్నాడు, మొత్తం లెక్క చివరికి 214కు చేరింది. తన పని తన దగ్గరే ఉంచుకునే స్వభావం ముందునుంచీ ఉంది. దాని ఫలితం చూడండి. 1936లో కాలిఫోర్నియా నుంచి ఫ్రాంక్ మలీనా ఆయన్ను కలిసి వివరాలు అడిగితే పెద్దగా ఏమీ దొరకలేదు. మలీనా బృందం తమ దారి తామే మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. ప్రచురించని పని ఎంత గొప్పదైనా, ఆ శాస్త్రం ఎదుగుదలలో దాని వాటా చిన్నదే. ఈ మాట గొడార్డ్ అభిమానులకు నచ్చదని తెలుసు.

మూసిన తలుపుల వెనక

జర్మనీలో కథ దీనికి ఎదురుగా మొదలై, దీనికంటె చీకటిగా మారింది. హెర్మన్ ఓబెర్త్ తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం తిరస్కరణకు గురైతే దాన్నే 1923లో పుస్తకంగా వేశాడు. వంద పేజీల లోపు పుస్తకం. కాని ఎవరైనా కొని చదవగలిగినది. దాన్ని చదివి ఉత్సాహపడిన యువకుల్లో వెర్నెర్ ఫన్ బ్రౌన్ ఒకడు. పదేళ్ళు తిరిగేసరికి ఆ యువకుడు సైన్యం కోసం పనిచేస్తున్నాడు. 1934లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఆయన సిద్ధాంత వ్యాసం అసలు విషయం ద్రవ ఇంధన రాకెట్. సైన్యం దాన్ని రహస్య పత్రంగా ఉంచింది. బయటికి చూపించిన పేరు 'దహన పరీక్షల గురించి' అన్న అర్థం వచ్చే రెండు ముక్కల శీర్షిక. పూర్తి పాఠం 1960లో గాని అచ్చు కాలేదు. పాత సాంకేతిక పత్రాలు వెతికే విద్యార్థి గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: శీర్షిక చూసి పత్రం విషయం నిర్ణయించకూడదు, అచ్చయిన సంవత్సరం చూసి పని జరిగిన సంవత్సరం నిర్ణయించకూడదు.

వి-2 ఇంజన్ 25 టన్నుల అభిబలం ఇచ్చేది. ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ ఇంధనాలు. వాటిని దహన గదిలోకి నెట్టే పంపులను నడపడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో తిరిగే టర్బైన్. 1942 అక్టోబర్ 3న తొలి విజయవంతమైన ప్రయోగం. 1945 ఏప్రిల్‌లో యుద్ధం ముగుస్తుండగా ఈ పని తాలూకు 14 టన్నుల కాగితాలను హార్జ్ కొండల్లోని ఒక పాత గనిలో దాచారు. దాచిన ఇద్దరిలో ఒకడు డీటర్ హుజెల్. మరుసటి నెలలో అమెరికన్లు వాటిని బయటికి తీసుకుపోయారు. ఈ హుజెలే 1967లో డేవిడ్ హువాంగ్‌తో కలిసి 'డిజైన్ ఆఫ్ లిక్విడ్ ప్రొపెల్లెంట్ రాకెట్ ఇంజన్స్' రాశాడు. నాసా దాన్ని ఎస్‌పి-125 అన్న సంఖ్యతో ప్రచురించింది. రాకెట్‌డైన్ సంస్థలో పనిచేసే ఇంజనీర్లు తాము ఇంజన్‌ను ఎలా రూపొందిస్తారో లెక్కలతో, ఉదాహరణలతో చెప్పిన పుస్తకం. పంపు, ఇంజెక్టర్, నాజిల్, ట్యాంకు దేనికదే విడదీసి, ఒక కల్పిత రాకెట్‌కు అంకెలు వేసి చూపిస్తారు. ఒకప్పుడు గనిలో కాగితాలు దాచిన చేతులే ఎవరైనా చదువుకోగల పుస్తకం రాశాయి. రాకెట్ సాహిత్యంలో నాకు ఎక్కువ ఉపయోగపడిన పుస్తకం ఏదంటే ఇదే చెబుతాను.

ఉపయోగపడింది కనుక అది చెప్పనిది మరిచిపోవాలా? వి-2ను భూగర్భ కర్మాగారంలో తయారు చేసింది నిర్బంధ శిబిరం ఖైదీలు. మిట్టెల్‌బావ్-డోరా శిబిరం గుండా దాదాపు 60,000 మంది వెళ్ళారనీ, వారిలో 20,000 మంది వరకు చనిపోయారనీ అంచనా. ఇంజన్ రూపకల్పన పుస్తకంలో ఈ సంగతి ఉండాలని నేననను. కాని వి-2 ఉత్పత్తి గురించి చెప్పే "చరిత్ర" అని పేరు పెట్టుకున్న పుస్తకంలో ఇది లేకపోతే, దాన్ని చరిత్రగా తీసుకోకండి. 1995లో వచ్చిన మైఖేల్ న్యూఫెల్డ్ పుస్తకం 'ది రాకెట్ అండ్ ద రైక్' ఇంజనీరింగ్‌నూ ఈ నేరాన్నీ ఒకేచోట, పత్రాల ఆధారంతో చర్చిస్తుంది. సాంకేతిక నిపుణులు రాసుకున్న జ్ఞాపకాల పక్కన దీన్ని పెట్టుకుని చదవండి.

క్లార్క్ చెప్పిన కథలు

జాన్ డి. క్లార్క్ 'ఇగ్నిషన్!' 1972లో వచ్చింది. ద్రవ ఇంధనాల చరిత్ర. న్యూజెర్సీ రాష్ట్రంలోని నౌకాదళ రాకెట్ పరీక్షా కేంద్రంలో చాలా ఏళ్ళు ఇంధనాల మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఆయన. ఈ రంగంలో నవ్వుతూ చదవగలిగిన పుస్తకం ఇదొక్కటే కావచ్చు. ఇసుకను కూడా మండించగల క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ వంటి వాటితో ప్రయోగాలు, దుర్గంధం వెదజల్లే మిశ్రమాలు, పేలిపోయిన పరికరాలు, కాగితం మీద గెలిచి గదిలో ఓడిన ఆలోచనలు వరుసగా వస్తాయి.

అందులో నైట్రిక్ ఆమ్లం కథ తప్పక చదవండి. పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం మంచి ఆక్సీకరణి. కొన్ని ఇంధనాలతో కలిస్తే చాలు, నిప్పు పెట్టకుండానే మండుతుంది. కాని అది ఉక్కు ట్యాంకును తినేస్తుంది, నిల్వలో విడిపోయి పీడనం పెంచుతుంది. అందుకని ప్రయోగానికి ముందు మాత్రమే, విషవాయువుల మధ్య, నింపవలసి వచ్చేది. ఎన్నో ప్రయత్నాల తర్వాత 1950ల ఆరంభంలో దొరికిన పరిష్కారం చాలా చిన్నది. సుమారు అర శాతం హైడ్రోజన్ ఫ్లోరైడ్ కలిపితే లోహం మీద ఫ్లోరైడ్ పొర ఏర్పడి ఆమ్లాన్ని అడ్డుకుంటుంది. హైడ్రజీన్ కథ కూడా ఇలాంటిదే. ఇంధనంగా మేలైనదే, కాని సుమారు 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. చలిదేశాల సైన్యానికి అది పనికిరాదు. దాని బంధువుల కోసం జరిగిన వెతుకులాటలోనే డైమిథైల్ హైడ్రజీన్ వంటివి ముందుకొచ్చాయి. ఆ కుటుంబపు ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ జంటతోనే మన వికాస్ ఇంజన్ పనిచేస్తుంది. 1974లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన వైకింగ్ ఇంజన్ పరిజ్ఞానం దానికి మూలం. శ్రీహరికోట నుంచి లేచే పి.ఎస్.ఎల్.వి. రెండో దశలో ఉండేది అదే. క్లార్క్ పుస్తకం చదివాక ఆ రసాయనాల పేర్లు మీకు వట్టి పేర్లుగా అనిపించవు.

అయితే ఈ పుస్తకాన్ని ఆధారంగా ఎంతవరకు వాడవచ్చు? పేరులోనే అది అనౌపచారిక చరిత్ర అని ఉంది. ప్రతి మాటకూ ఆధారం చూపించే పాదసూచికల పద్ధతి ఆయన పాటించలేదు. మనుషుల మీద ఆయన తీర్పులు చురుకైనవి, కొన్నిచోట్ల ఏకపక్షం. అమెరికా పనిని లోపలివాడిగా చెబుతాడు, సోవియట్ పనిని బయటివాడిగా. కనుక ఏ సమస్య ఎందుకు తలెత్తిందో తెలుసుకోవడానికి క్లార్క్‌ను చదవండి. ఏ సంవత్సరం, ఎంత శాతం అన్న అంకెను మీ ప్రాజెక్టు పనిలో వాడదలిస్తే మాత్రం మరోచోట సరిచూసుకోండి. కొందరు మొదటే ఈ పుస్తకం పట్టుకుంటారు. కథలు రుచి కనుక. నేనైతే గొడార్డ్ నివేదిక తర్వాతే చదవమంటాను. నాజిల్ ఏం చేస్తుందో తెలియనివారికి ఇంధనం కథ పేలుళ్ళ కథగానే మిగులుతుంది.

పాఠ్యగ్రంథం, నివేదికలు

జార్జ్ సట్టన్ 'రాకెట్ ప్రొపల్షన్ ఎలిమెంట్స్' మొదటి ముద్రణ 1949లో వచ్చింది. ఏడో ముద్రణ నుంచి ఆస్కార్ బిబ్లార్జ్ తోడయ్యాడు. ఇంత కాలం నిలిచిన పాఠ్యగ్రంథం ఈ విషయంలో మరొకటి లేదు. నిర్వచనాలకు, సూత్రాలకు దీన్నే నమ్మండి. దీని లోపం పాఠ్యగ్రంథాలన్నిటి లోపమే. గెలిచిన పద్ధతి మాత్రమే పేజీ మీదికి వస్తుంది. ఇంజన్ సూత్రాల నుంచి నేరుగా పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది.

అది నిజం కాదని చెప్పడానికి ఎఫ్-1 ఇంజన్ చాలు. చంద్రుడి మీదకు మనుషులను పంపిన సాటర్న్-5 మొదటి దశలో అవి ఐదు ఉండేవి. ఒక్కొక్కటి దాదాపు 680 టన్నుల అభిబలం. పరీక్షల్లో దహన గదిలో పీడనం అలలు అలలుగా ఊగి, క్షణాల్లో ఇంజన్‌ను ధ్వంసం చేసేది. దీన్ని దహన అస్థిరత అంటారు. ఏ సమీకరణమూ దీన్ని ముందుగా లెక్కకట్టి ఆపలేకపోయింది. నడుస్తున్న ఇంజన్‌లో చిన్న బాంబు పేల్చి, పుట్టిన అల దానంతటదే అణిగిపోతుందా అని చూసేవారు. ఇంజెక్టర్ పలక మీద అడ్డుగోడలు పెట్టి, రంధ్రాల అమరిక మార్చి మార్చి, సుమారు 2,000 పూర్తిస్థాయి పరీక్షల తర్వాత దారికి తెచ్చారు. పాఠ్యగ్రంథంలో కొద్ది పేజీలతో ముగిసే ఈ విషయం మీద నాసా 1972లో ఎస్‌పి-194 అనే పెద్ద సంపుటమే వేసింది. ఎఫ్-1 పరీక్షల సమీక్ష 1993లో 'జర్నల్ ఆఫ్ ప్రొపల్షన్ అండ్ పవర్'లో వచ్చింది.

ఇవన్నీ మనకెలా దొరుకుతాయన్నది మీ తర్వాతి ప్రశ్న. దూరవిద్యలో చదివేవారికి పెద్ద గ్రంథాలయం దగ్గర్లో ఉండకపోవచ్చు. అదృష్టవశాత్తు ఈ రంగంలో ముఖ్యమైన వాటిలో చాలా భాగం డబ్బు లేకుండా దొరుకుతుంది. నాసా తన నివేదికల భాండాగారాన్ని ఇంటర్నెట్‌లో తెరిచి ఉంచింది. విషయం పేరుతో వెతికితే వేలకొద్దీ వచ్చి కళ్ళు తిరుగుతాయి. నివేదిక సంఖ్యతో వెతకండి. ఎస్‌పి అంటే నాసా ప్రత్యేక ప్రచురణ, సాధారణంగా పరిశీలించి తీర్చిదిద్దినది. సి.ఆర్. అంటే కాంట్రాక్టు తీసుకున్న సంస్థ రాసినది. అంకెలు విలువైనవే కాని, తన పనిని తానే అంచనా వేస్తోందని మరవకండి. టి.ఎం. అంటే నాసా సొంత సాంకేతిక పత్రం, కొన్నిసార్లు ఇంకా పూర్తికాని పని. టి.టి. అంటే అనువాదం. సియోల్‌కోవ్‌స్కీ రచనలు 1965లో టి.టి. ఎఫ్-237గా ఇంగ్లీషులోకి వచ్చాయి. రష్యన్ రాదని ఆ పేరు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. ఫోను తెరమీద పాత నివేదికల గ్రాఫులు చదవడం కష్టం. మీకు కావలసిన పదిపదిహేను పేజీలు ముద్రించుకుని పెన్సిల్‌తో చదవండి.

ఇలాంటి చదువు మనదేశంలో ఎలా ఉంటుందో చూడాలంటే రొద్దం నరసింహ 1985లో రాసిన 'రాకెట్స్ ఇన్ మైసూర్ అండ్ బ్రిటన్, 1750–1850' అనే పత్రం ఉంది. వాయుగతిశాస్త్రంలో పేరుపొందిన ఆయన, టిప్పు కాలపు రాకెట్లను గర్వం కోసం కాక ఇంజనీరు కన్నుతో చూశాడు. ఇనుప గొట్టం లోపలి పీడనాన్ని తట్టుకోగలదు కనుక మందును గట్టిగా కూరవచ్చు, దూరం పెరుగుతుంది. మైసూరు ముందంజ అక్కడ ఉంది. మరి అంత ముందున్న పని మన దగ్గర ఆగిపోయి, కాంగ్రీవ్ చేతిలో ఎందుకు ఎదిగింది? కొలిచి, పట్టికలు వేసి, అచ్చువేసి, మరొక కర్మాగారం మళ్ళీ తయారు చేయగలిగేలా రాసిపెట్టే అలవాటు ఆ రోజుల్లో ఏ ఒడ్డున ఉందో ఆ పత్రం చదువుతూ మీరే గమనించండి.